ఎగ్జిమాను తామర అని రాయకండి

సంపాదకులు గారికి,

నమస్కారం. తెలుగు పత్రికల ఆరోగ్య పేజీల్లో ఎగ్జిమా (చర్మం పొడిబారి దురద పెట్టే, అంటుకోని జబ్బు) మీద ఏదైనా వచ్చినప్పుడల్లా శీర్షికలో ‘తామర’ అనో ‘గజ్జి’ అనో ఉంటోంది. నిఘంటువులూ అలాగే ఇస్తున్నాయి. పాఠకుడికి తేలిగ్గా అర్థం కావాలనే అలా రాస్తున్నారని మాకు తెలుసు. కానీ ఆ తేలిక మాట వల్ల గోదావరి డెల్టాలో చాలామంది ఏళ్ల తరబడి తప్పు మందు పూసుకుంటున్నారు. ఈ ఉత్తరం రాస్తున్న మాలో చర్మవ్యాధుల డాక్టర్లున్నారు, ఓపీల్లో పనిచేసే నర్సులున్నారు, మందుల షాపు నడిపేవాళ్లూ ఉన్నారు. ఉత్తరం పొడుగైందని తెలుసు. అయితే ఇందులో కొలతలు తీసేస్తే మిగిలేది ఎవరికీ పనికిరాదు. దయచేసి కత్తిరించకుండా వేయండి.

గజ్జి కంటికి ఆనని పురుగు వల్ల వస్తుంది. అది చర్మం పైపొరలో బొరియ చేసుకుని గుడ్లు పెడుతుంది. వేళ్ల సందుల్లో, మణికట్ల దగ్గర, బొడ్డు చుట్టూ, మర్మావయవాల మీద దురద. పడుకున్నాక మరీ ఎక్కువ. ఇంట్లో ఒకరికి వస్తే కొన్ని వారాల్లో మిగతావాళ్లూ గోక్కోవడం మొదలుపెడతారు. 5 శాతం పెర్మెత్రిన్ క్రీమ్ ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి మెడ నుంచి అరికాళ్ల దాకా రాసుకుని, 8 నుంచి 12 గంటలు ఉంచి కడుక్కుని, వారం తర్వాత మళ్లీ ఒకసారి రాస్తే పోతుంది. తామర శిలీంధ్రం వల్ల వస్తుంది, అంటే బూజు జాతి. గజ్జల్లో, పిరుదుల మీద, మొలతాడు కింద, లంగా బొందు బిగిసే చోట గుండ్రంగా లేచి, అంచు పొలుసులు కట్టి పక్కకు పాకుతూ, మధ్యలో మానినట్టు కనిపిస్తుంది. ఇదీ అంటుకునేదే.

ఎగ్జిమా ఈ రెండింటిలో ఏదీ కాదు. ఎవరి నుంచీ రాదు, ఎవరికీ అంటదు. రెండు మోచేతుల మడతల్లో, రెండు మోకాళ్ల వెనక, రెండు పక్కలా దాదాపు ఒకేలా వస్తుంది. ఇక్కడ మొదలైంది, ఇక్కడ ఆగింది అని గీత గీసినట్టు అంచు ఉండదు. చిన్నప్పటి నుంచి వస్తూ పోతూ ఉంటుంది. ఇంట్లో ఎవరికో ఒకరికి ఉబ్బసమో, పొద్దున్నే లేవగానే తుమ్ములో ఉంటాయి. బిళ్లల్లా వచ్చే ఎగ్జిమా కూడా ఒకటుంది, దాన్ని చూసి డాక్టర్లే ఒక్కోసారి తామర అనుకుంటారు. అనుమానం ఉంటే అంచున పొలుసు కాస్త గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద పెడితే శిలీంధ్రం ఉందో లేదో కాసేపట్లో తేలిపోతుంది. ఖర్చు కూడా తక్కువే. ఈ పరీక్ష అడిగి చేయించుకోవచ్చని చాలామందికి తెలియదు.

మూడింటికీ ఒకే పేరు వాడేసరికి మందు కూడా ఒక్కటే అయిపోయింది. మెడికల్ షాపులో ‘తామరకి ఏదన్నా ఇవ్వండి’ అంటే చాలాసార్లు చేతికి వచ్చేది మూడు మందులు కలిపిన ట్యూబు. అందులో ఒకటి క్లోబెటసాల్, పైపూత స్టెరాయిడ్లలో అత్యంత బలమైన తరగతికి చెందింది. రెండోది శిలీంధ్రం మందు, మూడోది యాంటీబయాటిక్. ఎగ్జిమా మీద రాస్తే రెండో రోజుకే దురద ఆగుతుంది కాబట్టి ఆ ట్యూబు మీద నమ్మకం కుదురుతుంది. ఆపగానే తిరగబెడుతుంది, మళ్లీ కొంటారు. అలా నెలలు గడిచేసరికి ముఖం మీద మొటిమలు, ఎర్రదనం వస్తాయి. చర్మం ఉల్లిపొరలా పలచబడి కింద రక్తనాళాలు కనిపిస్తాయి. గజ్జల్లో, చంకల్లో చారలు పడతాయి. ఆ చారలు ఇక పోవు. అదే ట్యూబు నిజమైన తామర మీద రాస్తే స్టెరాయిడ్ ఒంటి ప్రతిఘటనను జోకొడుతుంది, శిలీంధ్రం కింద హాయిగా పాకుతుంది, గుండ్రటి అంచు చెరిగిపోతుంది. తర్వాత చూసిన డాక్టర్‌కి అది ఏ జబ్బో పోల్చుకోవడమే కష్టమవుతుంది.

కేంద్ర ప్రభుత్వం 2018లో 14 రకాల పైపూత స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. డాక్టర్ చీటీ లేనిదే వాటిని అమ్మకూడదు. అమ్మకం మాత్రం ఆగలేదు. చీటీ అడిగితే మనిషి పక్క షాపుకి వెళ్లిపోతాడన్న భయం షాపువాళ్లది. ఆ భయం నిజమే, దాన్ని తీసిపారేయలేం. అందుకే కొనేవాళ్లకే చెబుతున్నాం: ట్యూబు వెనక్కి తిప్పి మందు పేరు చదవండి. పేరు చివర ‘సోన్’ అని ఉంటే, అంటే బెటామెథసోన్, మొమెటసోన్, ఫ్లుటికసోన్, హైడ్రోకార్టిసోన్ లాంటివి అయితే, లేదా క్లోబెటసాల్ అని ఉంటే అది స్టెరాయిడ్.

ఈ జబ్బు ఎందుకు వస్తుందో డెల్టా వాళ్లకు చెప్పడం తేలికే. ఎండ్రకాయలు తొలిచిన చేను గట్టు ఎలా ఉంటుంది? చేలో నీళ్లు బయటికి పోతాయి, పక్క చేలో ఉన్నదల్లా లోపలికి వస్తుంది. ఎగ్జిమా ఉన్నవాళ్ల చర్మం అలాంటి గట్టు. పైపొర గట్టిగా ఉండటానికి ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ కావాలి. దాన్ని తయారుచేసే జన్యువులో లోపం ఉన్నవాళ్లకు ఎగ్జిమా వచ్చే అవకాశం ఎక్కువని 2006లో స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. ఎగ్జిమా ఉన్న అందరిలోనూ ఆ లోపం ఉండదు, కానీ గట్టు బలహీనం కావడం అందరిలోనూ ఉంది. ఒంట్లోని తేమ ఆవిరైపోతుంది, సబ్బు, దుమ్ము, సూక్ష్మక్రిములు లోపలికి దిగుతాయి, ఒళ్లు వాటి మీద తిరగబడుతుంది, దురద పుడుతుంది. గోకితే గట్టు ఇంకాస్త తెగుతుంది. ‘రక్తం చెడింది’, ‘వేడి చేసింది’ అని రక్తశుద్ధి మందులు తాగించడం వల్ల ఆ గట్టు పూడదు. పైపూతతో ఎగ్జిమా తగ్గిస్తే అది లోపలికి పోయి ఉబ్బసం అవుతుందనే మాట కూడా బాగా వినిపిస్తుంది. అది నిజం కాదు. ఎగ్జిమా ఉన్న పిల్లల్లో కొందరికి తర్వాత ఉబ్బసం వస్తుంది, పూత రాసినా వస్తుంది, రాయకపోయినా వస్తుంది. రెండూ ఒకే స్వభావం నుంచి పుట్టినవి.

చాలామందిలో ఐదేళ్లలోపే మొదలవుతుంది, ఎక్కువమందికి మొదటి ఏడాదిలోనే. చంటిబిడ్డకు బుగ్గల మీద, నుదుటి మీద, కాళ్లూ చేతుల బయటి వైపు వస్తుంది. లంగోటీ కట్టే చోట మాత్రం సాధారణంగా రాదు. నడిచే వయసు దాటాక మడతల్లోకి దిగుతుంది. పెద్దయ్యాక మెడ, కనురెప్పలు, చేతులు. పది పన్నెండేళ్లు వచ్చేసరికి చాలామందికి నెమ్మదిస్తుంది. కొందరికి అలాగే ఉండిపోతుంది, కొందరికి ఉద్యోగంలో చేరాకో, పెళ్లయ్యాకో తిరిగి లేస్తుంది. మన చర్మం రంగు మీద ఎగ్జిమా పుస్తకాల్లో బొమ్మల్లా ఎర్రగా కనబడదు. బూడిద రంగులో, ముదురు గోధుమ రంగులో, కాస్త ఊదాగా ఉంటుంది. అందుకే తగ్గిందో లేదో కంటితో కాక వేలితో చూడాలి. మడతలో వేలు జరిపితే గరుకు, మందం తగులుతున్నంత కాలం జబ్బు అక్కడ ఉన్నట్టే. రంగు మారడం వేరే సంగతి. మానిన చోట నలుపో, తెలుపో కొన్ని నెలలు ఉంటుంది. ఆ తెలుపును చూసి బొల్లి అని హడలిపోతారు, లేదా పూత వల్లే వచ్చిందని ఆపేస్తారు. పిల్లల బుగ్గల మీద లేత తెల్లమచ్చలు చూసి నులిపురుగులనీ, కాల్షియం తగ్గిందనీ మందులు పోస్తారు. అవి చాలావరకు పొడిబారిన చర్మం మచ్చలే. నూనె పట్టిస్తూ, ఎండ తగలకుండా చూసుకుంటే నెలల మీద కలిసిపోతాయి.

ఇక రోజూ చేయాల్సిన పని. ముందు స్నానం. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, 5 నుంచి 10 నిమిషాల్లో అయిపోవాలి. ధనుర్మాసంలో పొగలు కక్కే నీళ్లు పోసుకుంటే ఆ క్షణానికి దురద ఆగి హాయిగా ఉంటుంది. గంట తిరక్కుండా రెండింతలై వస్తుంది, ఎందుకంటే వేడినీళ్లు చర్మంలోని కొవ్వును కడిగేస్తాయి. మామూలు సబ్బు పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత, 7 దాటితే క్షారం) 9, 10 దాకా ఉంటుంది, చర్మానిది 5 చుట్టుపక్కల ఉంటుంది. కాబట్టి సబ్బు చంకలకూ, గజ్జలకూ, పాదాలకూ చాలు. మిగతా ఒంటికి నీళ్లే పోయాలి, లేదా క్షారం లేని వాసన లేని సబ్బు వాడాలి. కొబ్బరి పీచుతో, నేతిబీర పీచుతో రుద్దకూడదు. పండగ రోజు నలుగు పిండి పెట్టి పొలుసులు రాలేలా తోమడం కూడా ఈ చర్మానికి పనికిరాదు. కుంకుడుకాయ మానలేకపోతే తల ముందుకు వంచి విడిగా కడుక్కోండి. పులుసు మెడ మీదుగా వీపు మీదికి జారిందంటే ఆ రాత్రి నిద్ర ఉండదు.

వేసవిలో కాలువలు కట్టేశాక చాలా ఊళ్లకు బోరు నీళ్లే గతి. సముద్రం దగ్గరి ఊళ్లలో అవి ఉప్పగా ఉంటాయి, సబ్బు నురగ రాదు. నీటి వల్లే ఎగ్జిమా అనుకుని వేలు పోసి నీటిని మెత్తబరిచే యంత్రాలు కొంటున్నవాళ్లున్నారు. ఇంగ్లండ్‌లో 336 మంది పిల్లలతో సరిగ్గా ఇదే పరీక్షించారు. 2011లో ఫలితం వచ్చింది: అప్పటికే ఎగ్జిమా ఉన్న పిల్లలకు ఆ యంత్రం వల్ల అదనపు ఉపయోగం కనిపించలేదు. నురగ రాలేదని సబ్బు ఎక్కువ రుద్దడం మానితే చాలు. ఆ డబ్బు తేమ నిలిపే పూతకు, అంటే మాయిశ్చరైజర్‌కు, పెట్టుకోవచ్చు.

తువ్వాలుతో తుడవకుండా అద్దాలి. ఒంటి మీద ఇంకా కాస్త చెమ్మ ఉండగానే, 3 నిమిషాల్లోపు, పూత రాయాలి. చెమ్మ ఆరిపోయాక రాస్తే పూత కింద పట్టి ఉంచడానికి ఏమీ మిగలదు. వెంట్రుకలు వాలే దిక్కుకే, పై నుంచి కిందికి రాయాలి. ఎదురుగా రుద్దితే వెంట్రుక మొదళ్లలో కురుపులు లేస్తాయి. డబ్బాలో వేళ్లు పెట్టొద్దు, శుభ్రమైన చెంచాతో తీయండి. లేకపోతే వారం తిరిగేసరికి డబ్బాలోనే క్రిములు చేరతాయి.

ఎంత రాయాలన్నదే ఎవరూ చెప్పరు. ఒళ్లంతా పొడిబారే బిడ్డకు వారానికి 250 గ్రాములు, పెద్దవాళ్లకు 500 గ్రాములు పడుతుంది. అంటే 50 గ్రాముల ట్యూబు పెద్దవాళ్లకు ఒక్క రోజుకు కూడా చాలదు. నెలకో ట్యూబు చొప్పున పొదుపుగా వాడి ‘మాయిశ్చరైజర్ పనిచేయలేదండీ’ అనేవాళ్లు ఎక్కువ. అందుకే ఖరీదైన సీసా కొద్దిగా వాడేకంటే చవకది ధారాళంగా వాడటం మేలు. వాసన లేని వైట్ సాఫ్ట్ పారఫిన్, అంటే వేజలీన్ రకం, చవక. అది మరీ జిడ్డుగా ఉంటే సమానంగా లిక్విడ్ పారఫిన్ కలిపినది రాసుకోవడం తేలిక.

అంబాజీపేట కొబ్బరి మార్కెట్ పక్కనే ఉండగా నూనె మాట చెప్పకపోతే ఎలా? పచ్చికొబ్బరి నుంచి తీసిన నూనెను ఫిలిప్పీన్స్‌లో ఎగ్జిమా పిల్లలకు 8 వారాలు రాసి మినరల్ ఆయిల్‌తో పోల్చారు. కొబ్బరి నూనె రాసినవాళ్లకే ఎక్కువ తగ్గింది. కాబట్టి మనవాళ్ల అలవాటు మంచిదే. తాజా నూనె కావాలి. కంపెక్కిన పాత నూనె, కర్పూరమో సువాసనో కలిపిన సీసా నూనె వద్దు. చంటిపిల్లలకు మంచిదని ఆలివ్ నూనె తెచ్చేవాళ్లకు ఒక మాట: అది చర్మం గట్టును బలహీనపరుస్తుందని పరీక్షల్లో తేలింది. ధనుర్మాసం మంచులో, పెదవులు పగిలే చలిలో కొబ్బరి నూనె ఒక్కటే చాలదు, దాని మీద పారఫిన్ కావాలి. రోహిణి కార్తెలో ఇది తిరగబడుతుంది. ఉక్కలో జిడ్డు ఆయింట్‌మెంట్ పట్టిస్తే చెమట కదలక చెమటకాయలు లేచి దురద రెట్టింపవుతుంది. వేసవికి పలచటి క్రీమో, లోషనో మంచిది. చెమట పట్టినప్పుడల్లా ఉత్త నీళ్లతో కడిగి, అద్ది, మళ్లీ రాయాలి. చెమట ఒంటి మీదే ఎండనివ్వకూడదు.

పూత గట్టును కాపాడుతుంది. అంటుకున్న మంటను ఆర్పేది మాత్రం స్టెరాయిడే. మూడు మందుల ట్యూబును నెలల తరబడి రాసేవాళ్లు ఒకవైపు ఉంటే, స్టెరాయిడ్ అనగానే భయపడి బియ్యపు గింజంత తీసి ఒళ్లంతా పులిమేవాళ్లు ఇంకోవైపు ఉన్నారు. రెండో రకం వాళ్ల జబ్బు ఎప్పటికీ ఆరదు, మందు మాత్రం ఏడాదంతా రాస్తూనే ఉంటారు. కొలత తెలియకపోవడమే రెండింటికీ కారణం. పెద్దవాళ్ల చూపుడు వేలి కొన నుంచి మొదటి గీత దాకా ట్యూబులోంచి తీగలా పిండండి. ట్యూబు మూతి 5 మిల్లీమీటర్లు ఉంటే అది అర గ్రాము. ఆ వేలు కొలత, వేళ్లు దగ్గరగా చేర్చిన రెండు పెద్ద అరచేతులంత చోటుకు సరిపోతుంది. పెద్దవాళ్ల రెండు మోచేతి మడతలకూ కలిపి ఒక కొలత చాలన్నమాట.

ఒళ్లంతా ఉంటే లెక్క ఇలా: ఏడాది రెండేళ్ల బిడ్డకు ముఖం మెడ కలిపి ఒకటిన్నర కొలత, ఒక్కో చేతికి ఒకటిన్నర, ఒక్కో కాలికి 2, ఛాతీ పొట్టకు 2, వీపు పిరుదులకు 3. మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకు అదే వరుసలో ఒకటిన్నర, 2, 3, 3, మూడున్నర. ఆరు నుంచి పదేళ్ల వాళ్లకు 2, రెండున్నర, నాలుగున్నర, మూడున్నర, 5. పెద్దవాళ్లకు ముఖం మెడకు రెండున్నర, ఒక్కో చేతికి అరచేయితో సహా 4, ఒక్కో కాలికి పాదంతో సహా 8, ముందు వైపు 7, వీపుకు 7. పిల్లలకు రాసేటప్పుడు కూడా కొలిచేది పెద్దవాళ్ల వేలితోనే. ఈ లెక్కలో వేసింది ఒక్క విడత రాయడానికి. గరుకు ఉన్న చోటికే రాయాలి, మంచి చర్మానికి అక్కర్లేదు.

ఏ స్టెరాయిడ్ అన్నది డాక్టర్ చెప్పాలి. స్థూలంగా ముఖానికీ, రెప్పలకూ, గజ్జలకూ, చంటిబిడ్డలకూ 1 శాతం హైడ్రోకార్టిసోన్, డెసొనైడ్ లాంటి తేలిక రకాలు. ఒంటికీ చేతులకూ మొమెటసోన్, ఫ్లుటికసోన్ లాంటివి. రోజుకు ఒకసారి రాస్తే చాలు. గరుకు పూర్తిగా పోయేదాకా, సాధారణంగా ఒకటి రెండు వారాలు రాయాలి. దురద ఆగిన రోజే ఆపితే వారంలో తిరిగి వస్తుంది. మాటిమాటికీ ఒకే చోట లేచేవాళ్లకు, మానాక కూడా ఆ చోట్ల వారానికి రెండు రోజులు, ఉదాహరణకు ప్రతి బుధ, ఆదివారాలు, కొన్ని నెలలు రాయమంటారు. ఇలా చేస్తే ఏడాది మొత్తం మీద పడే స్టెరాయిడ్ తగ్గుతుంది. పూతకూ స్టెరాయిడ్‌కూ మధ్య 20, 30 నిమిషాలు ఎడం ఇవ్వండి. రెండూ అరచేతిలో కలిపేస్తే మందు పలచబడుతుంది. ముఖానికీ మెడకూ ఎక్కువ కాలం కావాల్సినప్పుడు స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ ఉంది: 2 నుంచి 15 ఏళ్ల వాళ్లకు 0.03 శాతం, ఆ పైన 0.1 శాతం. మొదటి కొన్ని రోజులు మంట పుడుతుంది, తర్వాత తగ్గుతుంది. ముందే చెప్పకపోతే జనం రెండో రోజే పారేస్తారు.

మరీ తీవ్రంగా ఉన్న రాత్రుల్లో తడిగుడ్డ కట్టు పిల్లల్ని నిద్రపుచ్చుతుంది. పాత నూలు పంచె దీనికి అన్నిటికంటే మంచిది. ఉతికి ఉతికి మెత్తబడి ఉంటుంది. నాలుగు వేళ్ల వెడల్పున పట్టీలు చింపండి. పూత, డాక్టర్ చెప్పిన తేలిక స్టెరాయిడ్ రాశాక, ఒక పట్టీని గోరువెచ్చని నీళ్లలో ముంచి నీరు కారకుండా పిండి చేతికి వదులుగా చుట్టండి. దాని మీద పొడి పట్టీ. ఫ్యాను కింద పడుకోబెట్టొద్దు, చలి పుడుతుంది. రసి కారుతున్న చోట, చీము పట్టిన చోట కట్టకూడదు. బలమైన స్టెరాయిడ్ మీద అసలే కట్టకూడదు, చర్మంలోకి మందు విపరీతంగా దిగుతుంది.

రసి కారుతుంటే పొటాషియం పర్మాంగనేట్ నీళ్లు. 10 లీటర్లకు 1 గ్రాము. రంగు లేత గులాబీగా ఉండాలి. ముదురు ఊదా అయితే ఒళ్లు కాలుతుంది. గింజలు పూర్తిగా కరిగాక గుడ్డలో వడకట్టండి, ఒక్క గింజ చర్మం మీద ఉన్నా మచ్చ పడుతుంది. 10, 15 నిమిషాలు తడిపి, ఆరగానే పూత. గోళ్లు గోధుమరంగు అవుతాయి, కంగారక్కర్లేదు. తేనె రంగు చెక్కులు కడితే స్టాఫ్ క్రిమి చేరినట్టు, యాంటీబయాటిక్ అవసరం పడొచ్చు. అన్నిటికంటే ప్రమాదం ఇంకోటుంది. ఉన్నట్టుండి జ్వరం వచ్చి, ఎగ్జిమా ఉన్న చోట ఒకే పరిమాణంలో, పంచ్ మెషీన్‌తో రంధ్రాలు కొట్టినట్టు గుంపుగా పుండ్లు లేచి నొప్పి పెడితే అది హెర్పిస్ వైరస్. ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి, తెల్లారేదాకా ఆగొద్దు. ఎసైక్లోవిర్ ఎంత త్వరగా పడితే అంత మంచిది. పెదవి మీద పొక్కులు ఉన్నవాళ్లు ఎగ్జిమా బిడ్డను ముద్దు పెట్టుకోకూడదు, ఆ వైరస్ ఇదే.

పత్యం గురించి ప్రతి తల్లీ అడుగుతుంది. వంకాయ, గోంగూర, గుడ్డు, చేప, రొయ్య అన్నీ మాన్పించి, పప్పుచారు అన్నంతో పెంచిన బిడ్డలు మా ముందుకు వస్తుంటారు. ఒంట్లో పుష్టి ఉండదు, ఎగ్జిమా అలాగే ఉంటుంది. తిన్న కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల్లోపు దద్దుర్లు, పెదాల వాపు, వాంతులు వస్తే అది నిజంగా పడకపోవడమే, పరీక్ష చేయించాలి. బాగా తీవ్రమైన ఎగ్జిమా ఉన్న చంటిపిల్లల్లో ఆ అవకాశం ఎక్కువ. అది లేకుండా ఊరికే మాన్పించడం వల్ల కొత్త అలర్జీ పుట్టే ప్రమాదం కూడా ఉంది. టీకాలు ఆపొద్దు. జిల్లేడు పాలు, నల్లజీడి, నూరిన వెల్లుల్లి పూయొద్దు. అవి మంచి చర్మాన్నే బొబ్బలెక్కిస్తాయి.

పెద్దయ్యాక ఈ జబ్బు మనిషి చేసే పనిని వెతుక్కుంటూ వస్తుంది. చిన్నప్పుడు ఎగ్జిమా ఉన్నవాళ్లకు నీళ్లలో చేతులు నానే పని పడదు. భీమవరం చుట్టూ రొయ్యల షెడ్లలో ఐసు నీళ్లలో, క్లోరిన్ నీళ్లలో తొక్క వలిచే ఆడవాళ్ల వేళ్లు పగిలి నెత్తురు చిమ్మేది ఇందుకే. పైన గ్లవ్స్, లోపల నూలు గ్లవ్స్ వేసుకోవాలి. లోపలివి తడిస్తే వెంటనే మార్చాలి, కనీసం మూడు జతలు దగ్గరుండాలి. తడి గ్లవ్స్ అసలు గ్లవ్స్ లేకపోవడం కంటే చేటు. వేజలీన్ పామిన చేతికి మామూలు రబ్బరు గ్లవ్స్ వేస్తే రబ్బరు పాడైపోతుంది, నైట్రైల్ రకం అడగండి. కడియం వైపు చామంతి తోటల్లో, పూల మార్కెట్లలో పనిచేసేవాళ్లకు రెప్పలు, మెడ, మోచేతి మడతలు కందితే చిన్నప్పటి ఎగ్జిమా తిరగబెట్టిందని సరిపెట్టుకోవద్దు. చామంతి, గట్ల మీది వయ్యారిభామ ఒకే కుటుంబం మొక్కలు. వాటి పుప్పొడి, ఎండు దుమ్ము గాలిలో వచ్చి సరిగ్గా ఆ చోట్లే పడుతుంది. ప్యాచ్ టెస్ట్ (అనుమానం ఉన్న పదార్థాలను వీపు మీద అంటించి చూసే పరీక్ష) చేస్తే తెలుస్తుంది. రెప్పల దురదకు అదేపనిగా కళ్లు నులిమేవాళ్ల కార్నియా శంకువులా ముందుకు రావచ్చు. చూపు మసకబారితే కంటి డాక్టర్‌కి చూపించాలి.

ఊళ్లో సూది గురించి కూడా రాయాలి. ‘ఒక్క ఇంజెక్షన్ చాలు, పది రోజులు హాయి’ అని వేసేది చాలావరకు స్టెరాయిడే. పది రోజులు నిజంగానే హాయిగా ఉంటుంది. దిగిపోయాక ముందున్న దానికంటే ఎక్కువగా లేస్తుంది. పదే పదే వేయించుకుంటే షుగరు పెరుగుతుంది, పిల్లల ఎదుగుదల ఆగుతుంది, ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ నిలిచిపోతుంది. పూతలకు లొంగని ఎగ్జిమాకు వేరే దారులున్నాయి. వారానికి రెండు మూడుసార్లు నారోబాండ్ అతినీలలోహిత కాంతి చికిత్స ఒకటి. బీపీ, క్రియాటినిన్ చూస్తూ ఇచ్చే సైక్లోస్పోరిన్ ఒకటి. ఇంకోటి మెథోట్రెక్సేట్. ఇది వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం పోతుంది, అతిశయోక్తి కాదు. స్ట్రిప్ మీద స్కెచ్ పెన్నుతో ‘ఆదివారం మాత్రమే’ అని రాసి పెట్టుకోండి. బిడ్డను కనాలనుకునే వాళ్లకు ఈ మందు పనికిరాదు. కొత్తగా వచ్చిన జాక్ మాత్రలు (ఒంట్లో మంటను రేపే జాక్ అనే ఎంజైములను అడ్డుకునేవి) బాగా పనిచేస్తాయి, మొదలుపెట్టే ముందు క్షయ పరీక్ష తప్పనిసరి. ఇవన్నీ చర్మవ్యాధుల నిపుణుల దగ్గర తేల్చుకోవాల్సినవి. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది.

గురుకులాలు, హాస్టళ్లు నడిపేవాళ్లకు ఒక విన్నపం. ఎగ్జిమా ఉన్న పిల్లకు విడిగా పక్క వేయడం, కంచం వేరు చేయడం ఆపండి. అంటుకుంటుందన్న భయం కూడా ‘తామర’ అన్న మాటలోంచే పుట్టింది. ఆ పిల్లకు కావాల్సింది పడుకునే ముందు పూత రాసుకోవడానికి పది నిమిషాలు, ఉక్క పోసే యూనిఫాం కింద ఒక నూలు బనీను, కిటికీ పక్కనో ఫ్యాను కిందో ఒక చోటు, వారానికి ఒకసారి గోళ్లు కత్తిరించే పెద్దదిక్కు. పెళ్లి సంబంధాల దగ్గర కూడా ఇదే మాట అడ్డొస్తోంది. ‘అమ్మాయికి తామరుందట’ అన్నాక ఇంకేం చెప్పినా ఎవరూ వినరు.

పత్రికగా మీరు చేయగలిగిన పని చిన్నదే. పురుగు వల్ల వచ్చేదాన్ని గజ్జి అనండి, శిలీంధ్రం వల్ల వచ్చేదాన్ని తామర అనండి, ఎగ్జిమాను ఎగ్జిమా అనే రాయండి. షుగరు, బీపీ, థైరాయిడ్ అనే మాటలు పలకని ఇల్లు లేదు, ఈ మాటా నోటికి వస్తుంది. వీలుంటే పైన ఇచ్చిన వేలు కొలతల లెక్కను ఆరోగ్య పేజీలో విడిగా ఒక డబ్బా కట్టి వేయండి. కత్తిరించి బీరువా తలుపుకు అంటించుకుంటారు.

ఇట్లు,
చర్మరోగుల మధ్య పనిచేస్తున్న కొందరం,
కోనసీమ, పశ్చిమ గోదావరి జిల్లాలు.

తా.క.: పారఫిన్ పూత ఇంకిన బట్ట, దుప్పటి మామూలు బట్ట కంటే చాలా వేగంగా అంటుకుంటాయి. ఉతికినా పూర్తిగా పోదు. పూత రాసుకున్నాక చున్నీ, పైట చెంగు పొయ్యి దగ్గర జారనివ్వకండి. కార్తీక దీపాల దగ్గర, భోగి మంట దగ్గర, దీపావళి రాత్రి ఆ బట్టలతో పిల్లల్ని వదలకండి. ఆ పూటకు ఉతికిన వేరే నూలు బట్టలు కట్టి, పూత ఇంటికొచ్చి పడుకునేముందు రాయండి.